తడిసిన తాటాకులు

అమలాపురం లైబ్రరీలో పనిచేసే రూతు ఏ పుస్తకం ముట్టుకోవాలన్నా ముందు చేతులు కడుక్కుని, పైటచెంగుతో తడి లేకుండా తుడుచుకునేది. కాలేజీ రోజుల్లో మిషన్ వాళ్ల సాయంతో ఇంగ్లండు వెళ్లి, మ్యూజియంగా మార్చిన ఒక కవిగారింట్లో కొన్నాళ్లు శిక్షణ పొందింది. తడిసిన రాతప్రతిని చిరగకుండా విడదీయడం అక్కడే నేర్చుకుంది. ఎనభై ఆరులో వచ్చిన గోదావరి వరద తీశాక, అచ్యుతరామయ్యగారింట తాతలనాటి తాటాకు గ్రంథాలు బురదలో నానిపోయాయని విని, తడి పీల్చే అద్దుడు కాగితాలు పట్టుకుని పరుగెత్తింది. ఆయన వీధి అరుగు దగ్గరే ఆపేశారు.

"ఎలా చెయ్యాలో చెప్పండమ్మా, మేం చేసుకుంటాం. లోపలికి మాత్రం... ఆచారం గల ఇల్లు, ఏమీ అనుకోకండి."

"ఆయ్, అలాగేనండి. ఎండలో మాత్రం పెట్టకండి, నీడలోనే ఆరాలి," అంది రూతు.

చాలా రోజులకు ఎండ కాసింది. తొందరగా ఆరతాయని ఆయన భార్య వెంకటరమణమ్మగారు కట్టలన్నీ పెరట్లో చాపల మీద పరిచారు. ఆ వారంలోనే అచ్యుతరామయ్యగారు లైబ్రరీకి వచ్చారు.

"ఆకులు అట్టకట్టేశాయమ్మా. విడదీస్తుంటే పొడైపోతున్నాయి. రండి, లోపలికే రండి."

రూతు వెళ్లింది. పీట వేశారు. ముక్కలను ఒక్కొక్కటే వెలుగుకు పట్టి చూసింది. ఎక్కడా ఒక్క పద్యమైనా పూర్తిగా లేదు.

"ఏమన్నా మిగిలిందామ్మా?" అని అడిగారాయన.

"లేదండి," అంటూ రూతు చేతిలోని ముక్కను మిగతా వాటి పక్కన పెట్టింది.