చెల్లె భుజానికి నేను పెట్టిన దూది

ఆ రోజుల్లో బోధన్ మొత్తానికి నా అంత తెలివైన దర్జీ లేడని నాకు గట్టి నమ్మకం. (ఈ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవడం ఊరి దురదృష్టం.) ఆ తెలివితోనే, సొంత చెల్లె వెన్నెముక వంకర తిరుగుతుంటే ఏడాది పాటు దూది పెట్టి దాచానని ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను చెప్పకపోతే ఎలాగూ అదే చెబుతుంది, ఇంకో రెండు కలిపి మరీ.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఉస్తాద్ దుకాణంలో కత్తెర పట్టడం అప్పుడప్పుడే వచ్చింది. చెల్లె ఎనిమిదో తరగతి. బాపు రుద్రూర్ దగ్గర చెరుకు వేసేవాడు. చెల్లె కూడా వానాకాలం చెరుకులాగే పొద్దున చూసినదానికి సాయంత్రానికి ఇంకాస్త పెరిగి ఉండేది. అందుకే ఇంట్లో దాని పేరు గడ. బడులు తెరిచినప్పుడు యూనిఫాం కుట్టబోతే కుడి భుజం అర వేలు ఎత్తుగా కనిపించింది.

"సక్కగ నిలవడు గడా!"

"నిలవడ్డనే ఉన్న. నువ్వే టేపు సక్కగ పట్టు."

తప్పు బడి సంచిది అనుకున్నాను. ఎడమ భుజం లోపల కాస్త దూది పెట్టి కుట్టేశాను. దసరాకు తేడా వేలెడైంది, దూది రెండు పొరలైంది. ఎండాకాలానికి తేడా రెండు వేళ్ళు, దూది సంగతి అడక్కండి. పైనుంచి చూస్తే మాత్రం పిల్ల స్కేలు పెట్టి గీసినట్టుండేది. అవ్వ నా చేతులు చూసి మురిసిపోయింది, అవ్వ కంటే ఎక్కువ నేనే మురిసిపోయాను.

ఒకరోజు ఇస్త్రీ చేయబోయి ఉస్తాద్ చెల్లెకు కుట్టిన యూనిఫాం కుర్తాను తిరగేశాడు.

"ఇదేంది బే, భుజంల పరుపు కుట్టినవ్?"

"చెల్లె వంకరగ నిలవడ్తది ఉస్తాద్."

ఆయన కొలతల పుస్తకం తెప్పించి నాతోనే చదివించాడు. అర వేలు, వేలు, రెండు వేళ్ళు. ఆయన కళ్ళద్దాలు తీశాడు.

"అరే పాగల్! పోరి వంకరగ నిలవడ్తలేదు. వంకరగ పెరుగుతున్నది."

మర్నాడు చెల్లెను పిలిపించి, "బేటీ, కింద సూది పడ్డదనుకో, రెండు చేతులు కలిపి ముంగటికి వంగు" అన్నాడు. అది వంగింది. వీపు ఒకవైపు గట్టులా పైకి లేచింది, రెండోవైపు లేవలేదు. ఆ వీపును నేను ఎన్నిసార్లు కొలిచానో! ఎప్పుడూ నిలబెట్టే కొలిచాను.

నిజామాబాద్ డాక్టరుగారు ఎక్స్‌రేను వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. ఇన్నేళ్ళయినా ఆ ఫిల్మ్ నా కళ్ళలోనే ఉంది. నల్లటి దాని మీద తెల్లటి పూసలు, ఒకదాని మీద ఒకటి, మెల్లగా కుడికి వంగి, అంత వంగాక పైన మళ్ళీ ఎడమకు సర్దుకుని, తలను తెచ్చి సరిగ్గా నడుము మీదే నిలబెట్టాయి. నేను దూదితో తంటాలు పడ్డ పనిని దాని ఒళ్ళు ఎముకతో చేసుకుంది, ఎవరికీ చెప్పకుండా. దండం పెట్టాలనిపించింది. తరువాత ఏడుపొచ్చింది.

"నాకు నొప్పే లేదు కద సార్?" అంది చెల్లె.

"అందుకే దొరకదమ్మా ఇది. పిల్లలు ఎంత జల్దీ ఎత్తు పెరిగితే వంపు గూడ అంత జల్దీ పెరగచ్చు. నీకు ఇంకా పెరిగే వయసుంది. ఇట్లనే పోతే ఆపరేషన్ దాక పోతది. పెరుగుడు ఆగేదాక బెల్టు పెట్టుకుంటే ఆపొచ్చు. జర ముందుగాల తెస్తే ఇంకా బాగుండు."

"సంచి మోసుడుతోనా సార్?" అన్నాను, ఆశగా.

"కాదు. ఎవ్వరి తప్పు కాదు."

(దూది సంగతి ఆయనకు చెప్పలేదు.) బాపు మాత్రం ఒక్కటే అడిగాడు. "గాలికి పడకుంట చెరుకుకు ఆకుతోని జడ కడ్తం సార్, గట్లనా?" డాక్టరుగారు నవ్వి, గట్లనే అన్నారు.

గట్టి ప్లాస్టిక్ బెల్టు, వెనక మూడు పట్టీలు. స్నానానికి, ఆటకు తప్ప రెండేళ్ళు ఒంటి మీదే. మొదటి వారం చెల్లె రాత్రీ పగలూ ఏడ్చింది. తరువాత నన్ను ఏడిపించడం మొదలుపెట్టింది. "నీ దూది కంటె ఇదే నయం అన్నా, అబద్ధం చెప్పదు." ఆ బెల్టుకు నా మీద ఏం పగో, నేను కుట్టిన ప్రతి కుర్తానూ బకిల్ దగ్గర పరపరా చింపేది. కొన్ని నెలలకోసారి ముగ్గురం బస్సెక్కి ఎక్స్‌రేకు పోయేవాళ్ళం. చివరిసారి డాక్టరుగారు, "ఎముక పెరుగుడు ఆగింది. వంపు ఉన్న కాడనే ఉన్నది" అన్నారు. ఉన్న చోట ఉండటం కూడా ఇంత గొప్ప విషయమని ఆ రోజు తెలిసింది.

బెల్టును చెరుకు తోటలో పారేస్తానంది చెల్లె. నేనే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు సొంత దుకాణం నాది. అద్దాల అరలో ఒక కర్రకు బొమ్మలా బిగించి ఉంటుందది. రెండేళ్ళు నా బట్టలు చింపినందుకు పదేళ్ళుగా దానికి కుచ్చుల ఫ్రాకులు తొడుగుతున్నాను. గులాబీ రంగువే, ఏరి మరీ.

మొన్న ఒకావిడ పాపను తీసుకుని వచ్చి, "మాస్టర్, మీ బొమ్మకు భుజం ఒక్కదిక్కు ఎక్కింది. జర దూది పెట్టరాదు?" అంది.

"పెట్టనక్కా," అన్నాను. టేపు మెడలో వేసుకుని పాప వైపు తిరిగాను. "బిడ్డా, కింద సూది పడ్డదనుకో. ముంగటికి వంగు."