అత్త మడి తువ్వాలు

చీపురుపల్లిలో మా మేనత్త కోవెల ప్రసాదం వండేది. రోజంతా ఆవిడ నోట వినపడే మాట ఒకటే: “ఛీ, ముట్టకు!” ఆవిడింట్లో ఉంటూ నేనొక కుక్కపిల్లను తెచ్చుకున్నాక, ఆ మాట ఎక్కువగా దానికే తగిలేది. దండెం మీది మడిబట్టను వాసన చూసినా ఊరుకునేది కాదు.

అది పెద్దదయ్యాక కుక్కల ఆటల పోటీకి తయారు చేద్దామనుకున్నాను. బాగా దూకినప్పుడల్లా బహుమానంగా తాడు అందిస్తే, కుక్క పళ్లతో పట్టి మనతో పోటీపడి గుంజాలి. మాది మాత్రం తాడు చూపిస్తే తల తిప్పేసుకుని వంటింటి గుమ్మంలో ఉన్న అత్త వైపు చూసేది. ఎందుకో నాకు అంతు పట్టలేదు.

ఒకరోజు వంట ముగించి, అత్త తన పాత మడి తువ్వాలుతో పెరట్లోకొచ్చి కూర్చుంది. దాని కొసను కుక్క ముందు ఆడించింది. అది ఆవిడ మొహం చూసి వెనక్కి జరిగింది.

“పట్టే. ఏటీ అనన్లే.”

కుక్క మెల్లగా కొస అందుకుంది. అత్త గుంజింది, అదీ గుంజింది. తువ్వాలు పర్రుమని చిరిగింది. నోట్లో ముక్కతో కుక్క బిగుసుకుపోయి, ఛీ అనే మాట కోసం చూసింది. అత్త తన చేతిలో మిగిలిన ముక్కను మళ్లీ దాని ముందు ఆడించింది.

తర్వాత అత్త నూతి దగ్గర నెత్తిన నీళ్లు పోసుకుంటుంటే అడిగాను.

“ఏటత్తా, మళ్లీ తానమా? నేను ఆడిద్దును కదా!”

“వద్దని సెప్పింది నేను. నువ్వు పట్టమంటే అదెలా పడతాది?”

మర్నాటి నుంచి ఆవిడకు రోజూ రెండు స్నానాలు.