ఖాళీ వరుస

జిల్లాలను విడగొట్టిన మరుసటి ఎండాకాలం నన్ను ఆదిలాబాద్ వైపు ఒక కుక్కల దళానికి బదిలీ చేశారు. అప్పటికి నేను హెడ్ కానిస్టేబుల్‌ని. అంతకుముందు కరీంనగర్‌లో పేలుడు పదార్థాలు వెతికే కుక్కతో పనిచేశాను, అది ముసలిదై రిటైరైంది. ఇక్కడ నాకు అప్పగించింది గంజాయి పసిగట్టే లాబ్రడార్ ఆడకుక్క. పేరు బిజిలీ. అధికారుల పేర్లు రాయడం లేదు, కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. కుక్క పేరు మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. దానికి ఇక కొత్తగా జరిగే నష్టమేమీ లేదు.

మా దగ్గర ప్రతి కుక్కకు ఇద్దరు హ్యాండ్లర్లు ఉంటారు. బిజిలీకి మొదటి హ్యాండ్లర్ నేను, రెండోవాడు సామ్యేలు. చెన్నూరు నుంచి వచ్చిన కానిస్టేబుల్, నాకన్నా చాలా చిన్నవాడు. కుక్కకు అన్నం, మాంసం వండుతూ చర్చి పాటలు పాడుకునేవాడు. బిజిలీ ఆ పాట మొదలు కాగానే గిన్నె దగ్గరికి చేరేది. ఇద్దరిలో ఎవరు సెలవు పెట్టినా అది ఆ పూట సగమే తినేది.

పని తెలియని వారికి ఒక సంగతి చెప్పాలి. వాసన దొరికిన చోట కుక్క మొరగకూడదు, కాలితో గీరకూడదు. నిశ్శబ్దంగా కూర్చోవాలి. దాన్ని మేము సూచన అంటాం. బిజిలీ నిజంగా వాసన పట్టి కూర్చుంటే ముక్కు అక్కడే ఆనించి ఉంచేది, పేరు పెట్టి పిలిచినా తల తిప్పేది కాదు. కొత్త కుక్కలు నేర్చుకునేటప్పుడు దాన్ని చూపించి, కూర్చోవడమంటే అట్లా కూర్చోవాలి అని చెప్పేవాళ్లం.

మా డ్యూటీ ఎక్కువగా ఇచ్చోడ దగ్గర పెద్దరోడ్డు మీద ఉండేది. లారీలు, బస్సులు ఆపి వెతికించేవాళ్లం. చాలా రోజులు ఏమీ దొరకదు. దొరకకపోవడమే మంచిది కూడా. కాని కుక్కకు ఆ లెక్క తెలియదు. పొద్దంతా వెతికి ఉత్తగా తిరిగొస్తే పని మీద మనసు విరుగుతుందని మాకు శిక్షణలోనే చెప్పారు. అందుకని రోజు ఆఖరున సామ్యేలు శిక్షణకు వాడే చిన్న పొట్లాన్ని మా జీపు కింద ఎక్కడో దాచేవాడు. బిజిలీ వెతికి కూర్చునేది. నేను బంతి విసిరేవాణ్ని. ఆ బంతే దానికి జీతం. దీన్ని మేము గెలిపించడం అనేవాళ్లం. “సామ్యేలూ, ఇగ దాన్ని గెలిపియ్యి, పోదాం” అన్నానంటే డ్యూటీ అయిపోయినట్టే. నేను ఎరిగిన దళాలన్నింటిలోనూ ఇదే పద్ధతి. బిజిలీ తన జీవితంలో ఒక్కరోజు కూడా ఓడిపోయి ఇంటికి రాలేదు.

ఏటా కరీంనగర్‌లో చుట్టుపక్కల దళాలకు పోటీలు పెట్టేవారు. పతకం సంగతి పక్కన పెడితే, ఫీల్డు డ్యూటీకి కావలసిన సర్టిఫికెట్ కూడా అక్కడే ఇచ్చేవారు. పాత నియమం తేలిక. ఒకే రకం చెక్కపెట్టెలు వరుసగా పెడతారు. ప్రతి వరుసలో ఒక పెట్టెలో సరుకు తప్పకుండా ఉంటుంది. తొందరగా పట్టిన కుక్కకు ఎక్కువ మార్కులు. బిజిలీ రెండుసార్లు మొదటి స్థానం తెచ్చింది.

ఆ తర్వాతి ఏడు నియమం మార్చారు. ఇకనుంచి ఏదో ఒక వరుస పూర్తిగా ఖాళీగా ఉంటుంది, ఏ వరుసో ముందుగా చెప్పరు. ఖాళీ వరుస అయితే కుక్క ఎక్కడా కూర్చోకుండా బయటికి రావాలి, హ్యాండ్లర్ చెయ్యెత్తి ‘ఖాళీ’ అనాలి. ఖాళీ వరుసలో కూర్చున్న కుక్కకు సర్టిఫికెట్ ఉండదు. మళ్లీ పరీక్షకు రావడానికీ వీల్లేదు.

నియమం తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. గల్ఫ్ నుంచి దిగిన ఒక మనిషి తాళ్లతో కట్టి తెచ్చుకున్న అట్టపెట్టెలను ఏదో కుక్క కూర్చుందని నడిరోడ్డు మీద విప్పించడం నేను కళ్లారా చూశాను. అందులో పిల్లల బట్టలు, సబ్బులు, ఒక దుప్పటి తప్ప ఏమీ లేవు. ఆ మనిషి అందరి ముందు మోకాళ్ల మీద కూర్చొని అవన్నీ మళ్లీ సర్దుకున్నాడు. కుక్క మాటకు అంత బలం ఉన్నప్పుడు అది లేనిది ఉందని చెప్పకూడదు. నాకు కోపం తెప్పించింది నియమం కాదు, గడువు. ఆర్డరు వచ్చిన కొద్ది వారాలకే పోటీ పెట్టారు.

మా దళానికి పెద్ద అయిన రిజర్వు ఎస్సై దగ్గరికి పోయి, బిజిలీని ఈ ఏడు పోటీకి పంపొద్దని, మళ్లీ మొదటినుంచి నేర్పుకుంటామని అడిగాను. సర్టిఫికెట్ లేకుండా అన్ని రోజులు కుక్కను కూర్చోబెట్టడం కుదరదన్నారు. “లింగన్నా, నువ్వు ఉత్తగ పరేషాన్ అయితున్నవు. మన బిజిలీకి ఏం ఫికర్ లేదు” అన్నారు. ఆయన దాని మీద నమ్మకంతోనే అన్నారు. ఆ నమ్మకమే దాన్ని ముంచింది.

ఉన్న కొద్ది రోజులు ఖాళీ పెట్టెల మధ్య తిప్పాము. అది తిరిగి తిరిగి మా ఇద్దరి మొహాలు చూసేది. మేము ఏదో దాచడం మరిచిపోయామనుకున్నట్టుండేది. పొట్లం దాచేది సామ్యేలే కాబట్టి వాడి చేతులు వాసన చూసి మళ్లీ పెట్టెల దగ్గరికి పోయేది.

పోటీ రోజు మొదటి వరుస, రెండో వరుస ఎప్పటిలాగే చకచకా పట్టింది. మూడో వరుసలో ఒకసారి చివరిదాకా పోయింది, ఏమీ లేదు. తిరిగి వచ్చింది. మళ్లీ పోయింది. మెడతాడు చేత్తో పట్టుకున్న నాకు అర్థమైంది, ఇదే ఖాళీ వరుస. బయటికి తీసుకొద్దామని అడుగు వేశాను. ఆఖరి పెట్టె దగ్గర బిజిలీ ఆగింది. తోక ఆగిపోయింది. పెట్టె మీద ముక్కు పెట్టలేదు. తల ఎత్తి నా మొహంలోకి చూస్తూ మెల్లగా కూర్చుంది.

నేను చెయ్యెత్తి ‘ఖాళీ’ అన్నాను.

జడ్జి వేరే ప్రాంతం నుంచి వచ్చిన పెద్ద వయసు అధికారి. కుక్క కూర్చుంది కదా అని అడిగారు.

“కూసున్నది సార్. వాసన దొర్కి కూసోలే. ఇగ ఇంటికి పోదామని కూసున్నది.”

ఆయన నా మాట నమ్మారనే ఇప్పటికీ అనుకుంటున్నాను. “కుక్క కూర్చుందా లేదా అన్నదే మేము రాయాలి. ఎందుకు కూర్చుందో రాసే వీలు లేదు” అన్నారు. బిజిలీ ఇంకా నన్నే చూస్తోంది, బంతి కోసం. ఖాళీ వరుసలో బంతి ఇవ్వకూడదు. బతుకులో మొదటిసారి అది కూర్చున్నాక కూడా నేను ఉత్త చేతులతో నిలబడ్డాను.

ఆ తర్వాత జరిగిందంతా పద్ధతి ప్రకారమే జరిగింది. బిజిలీని ఫీల్డు డ్యూటీ నుంచి తీసేశారు. రిటైరయ్యే వయసు రాలేదు కనుక ఇంటికి ఇవ్వడానికి వీల్లేదన్నారు. పెంచుకుంటానని రెండుసార్లు అర్జీ పెట్టాను, రెండుసార్లూ తిరిగొచ్చింది. నాకు శిక్షణ నుంచి వచ్చిన కొత్త కుక్కను అప్పగించారు. ఒక హ్యాండ్లర్ రెండు కుక్కలను చూడకూడదు. బిజిలీ కెన్నెల్‌లోనే ఉండిపోయింది. హాజరు పిలిచేటప్పుడు దాని వంతు వచ్చి, పని ఏమిటని అడిగితే, సామ్యేలు ‘ఖాళీ’ అని చెప్పేవాడు. మా వైపు పని లేనివాణ్ని ఖాళీగ ఉన్నడనే అంటారు. వాడు వేరే మాట వెతుక్కోవాలని కూడా అనుకోలేదు. నాకు మాత్రం ప్రతిసారీ ఆ మూడో వరుస గుర్తొచ్చేది.

రోజూ పొద్దున కొత్త కుక్కను తీసుకొని దాని ముందు నుంచే పోవాలి, వేరే దారి లేదు. నా అడుగులు వినగానే బిజిలీ లేచి వెనక గోడ దగ్గరికి పోయి కూర్చునేది. ఏమీ లేని గోడ. ముక్కు ఆనించేది కాదు, నా మొహమే చూసేది. కూర్చుంటే బయటికి తీస్తారని, కూర్చుంటే బంతి వస్తుందని. నేను తల వంచుకొని పోయేవాణ్ని. ఉద్యోగంలో శవాలు మోశాను, కొట్లాటల్లో దెబ్బలు తిన్నాను. అవేవీ నన్ను ఆ కొద్ది అడుగుల దూరమంత కుంగదీయలేదు.

సామ్యేలు మనసు ఊరుకోలేదు. ఒకరోజు పాత పొట్లాన్ని ఆ గోడ పగుల్లో దాచి, అది వెతికి కూర్చోగానే బంతి వేశాడట. బిజిలీ ఆ సాయంత్రం గిన్నె నాకేసిందని నాకు సంతోషంగా చెప్పాడు. మర్నాటి నుంచి అది గోడను వదిలిపెట్టలేదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అంగుళం అంగుళం వాసన చూడటమే. ముక్కు చర్మం లేచి నెత్తురు కారింది. మందు రాస్తూ సామ్యేలు కళ్లు తుడుచుకున్నాడు.

“అన్నా, ఒక్కపారి గెలిపిద్దామన్కున్న. గిట్లయితదనుకోలే.”

 

రిటైర్మెంటు వయసు రాకముందే ఒక ఎండాకాలం బిజిలీ చనిపోయింది. మూత్రపిండాలు చెడిపోయాయని పశువుల డాక్టరు రాశారు. నియమం మాత్రం నిలిచింది, రోడ్డు మీద తప్పుడు సూచనలు తగ్గాయి. అది ఒప్పుకోవాలి.

బిజిలీ తర్వాత నాకిచ్చిన ఆ కొత్త కుక్కకు మొదటి నెల నేను సరుకు చూపించనే లేదు. ఖాళీ పెట్టెల మధ్య తిప్పి, ఎక్కడా కూర్చోకుండా బయటికి వచ్చినప్పుడు బంతి ఇచ్చాను. ఏఎస్సైగా రిటైరై ఖానాపూర్‌లో ఉంటున్నాను. ఇప్పుడు కూడా కొత్త హ్యాండ్లర్లు ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. వాసన పట్టడం కుక్కకు పుట్టుకతోనే వస్తుంది, అది మనం నేర్పేది కాదు. ఏమీ దొరక్కపోయినా ఇంటికి రావచ్చని మాత్రం మనమే చెప్పాలి, అన్నిటికన్నా ముందు చెప్పాలి. బిజిలీకి ఆ మాట ఎవరూ చెప్పలేదు.