పిగిలిపిట్ట గూటికి పెళ్ళి గొడుగు

నూజివీడు బస్టాండు వెనక స్టూడియో నడిపే కృష్ణకాంత్ ఫొటోలు తీయడంలో దిట్ట. అంటే, ఫొటోలోంచి మనుషుల్ని తీసేయడంలో. మా తోడికోడలి మనవడి అన్నప్రాసన ఆల్బంలో పిల్లవాడి చంకల కింద రెండు చేతులుంటాయి. ఆ చేతుల తాలూకు మనిషి ఉండదు. అదేమంటే, "ముసలావిడండీ, ఫ్రేము బరువైపోతుంది" అన్నాడు.

ఈ వేసవిలో అతనికి పిట్టల మీద ప్రేమ పుట్టింది. ఎక్కడో ఫొటోల పోటీ ఉందని తెలిశాక పుట్టిన ప్రేమ.

మా పక్క తోట సీతారావమ్మగారిది. అందులో ఒక చిన్నరసం మామిడి చెట్టుకి, చేతికందే కొమ్మన, పిగిలిపిట్ట గూడు పెట్టింది. మా వైపు ఎవరూ గూడున్న కొమ్మకు కాయలు దింపే చిక్కం తగిలించరు. కాయలు కోసే పోతురాజు ఆ కొమ్మను వదిలేసి, నిచ్చెన కూడా ఎడంగా వేసుకున్నాడు. అక్కడి కాయలు పండి రాలిపోయినా సరే. దాన్నెవరూ గొప్పగా చెప్పుకోరు కూడా.

కృష్ణకాంత్ కెమెరాతోను, పెళ్ళిళ్ళలో లైటుకి పట్టే తెల్ల గొడుగుతోను దిగాడు. గూట్లో ఈకలు రాని మూడు పిల్లలు.

"ఆకులు అడ్డమొస్తున్నాయండీ అమ్మగారూ."

"ఆకులున్నాయనే కదయ్యా అక్కడ కట్టుకుంది. వాటితోనే తీసుకుని, అక్కర్లేనిది ఇంటికెళ్ళి కత్తిరించుకో."

"తర్వాత క్రాప్ చేస్తే క్వాలిటీ పడిపోతుందండి. నోళ్ళే నిండుగా రావాలి."

సీతారావమ్మగారు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది. నేనూ ఆవిడ వెనకే వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గూటి మీది రెమ్మలన్నీ నేల మీదున్నాయి. ఫొటోని క్రాప్ చేయడం ఇష్టంలేక చెట్టునే క్రాప్ చేశాడు మహానుభావుడు. దేవుడు తెలియక పెట్టిన ఆకులు కాబోలు, ఈయన సరిదిద్దాడు.

రోహిణి ఎండ నేరుగా గూట్లో పడింది. తల్లి పక్క కొమ్మ మీద అరుస్తోంది గాని, మనిషిని చూసి దిగడం లేదు.

"చూడండి, ఆకలికి నోళ్ళెంత బాగా తెరిచాయో."

"ఆకలి కాదు నాయనా, వగర్పు. ఇంకాసేపుంటే చచ్చిపోతాయి." ఆవిడ గొడుగు అందుకుంది. "పోతురాజూ, దీన్ని పై కొమ్మకు కట్టు."

"అమ్మగారూ, ఎల్లుండి పెళ్ళి ఉందండి."

"ఆ ఆకులు మళ్ళీ అంటించేసి పట్టుకెళ్ళు."

పోతురాజు తాడు బిగిస్తూ అన్నాడు: "పెళ్ళికూతురికి ఎండ కొడితే నీడకి నడుస్తాది లెండి."

అంత కోపంలోనూ ఆవిడ కృష్ణకాంత్‌కి మజ్జిగ ఇచ్చే పంపింది. అందరం దూరంగా జరిగాం. చాలాసేపటికి తల్లి దిగింది.

గొడుగు కొమ్మ మీదే ఉండిపోయింది. కృష్ణకాంత్ రోజూ ఫోన్ చేసి, "ఎగిరాయా అండీ?" అని అడిగేవాడు. పసిబిడ్డల క్షేమం అంత శ్రద్ధగా అడిగినవాణ్ణి మా ఊళ్ళో నేనింకా చూడలేదు. మూడూ ఎగిరిపోయాకే గొడుగు అతని చేతికి వచ్చింది.

స్టూడియో గోడకి ఇప్పుడు ఆ ఫొటో వేలాడుతోంది. మూడు ఎర్రటి నోళ్ళు, కింద "అమ్మ కోసం ఆకలి" అన్న పేరు. చూసినవాళ్ళు బాగుందనే అంటున్నారు.

గొడుగు నడినెత్తిన పిట్ట రెట్ట మరకలు మాత్రం ఎంత ఉతికినా పోలేదట. మొన్న మైలవరంలో పెళ్ళికి వెళితే, దాన్ని పెళ్ళికూతురి పక్కన పట్టుకుని నిలబడ్డాడు. చూసి దణ్ణం పెట్టుకున్నాను. గొడుగుకే.