జావా మేడం గొంతు

ఇబ్రహీంపట్నంలో చేపలు పట్టే ఇంట్లో పుట్టిన నర్మద, ఊరవతలి ఇంజనీరింగ్ కాలేజీలో జావా చెప్పేది. ఆమెది వాళ్లమ్మ పోశమ్మ గొంతు. సంతలో చేపలమ్మే మనిషికి ఉండాల్సిన గొంతు. చివరి బెంచీ దాకా మైకు లేకుండానే వినపడేది.

ఆ గొంతు వానాకాలంలో బొంగురుపోయింది. మిరియాల కషాయాలతో తగ్గలేదు. ఆదిభట్లకు కంపెనీ బస్సు నడిపే భర్త సతీశ్ ఆమెను పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. స్వరపేటికలో క్యాన్సర్ అనీ, దాన్ని తీసెయ్యాలనీ చెప్పారు.

"బతుకుతది గద సార్?" అన్నాడు సతీశ్.

"మాట వస్తదా?" అంది నర్మద.

డాక్టర్ సతీశ్ అడిగినదానికే జవాబు చెప్పాడు, బతుకుతుందని.

ఆపరేషన్‌కు ముందు వారం కూడా ఆమె ల్యాబుకు వెళ్లింది. హర్షిత అనే అమ్మాయి ప్రాజెక్టు ఎక్కడో ఆగిపోయింది. అది కాలేజీ బండ్ల ప్రోగ్రాం. అందులో ఒక్కో రకం బండికి ఒక్కో నమూనా ఉంటుంది, దాన్ని క్లాసు అంటారు; ఆ నమూనాతో చేసిన ఒక్కో బండి ఒక ఆబ్జెక్టు. వచ్చింది బస్సా, వ్యానా అన్నది ప్రోగ్రాం నడుస్తూ ఫైలు చదివినప్పుడే తెలుస్తుంది. హర్షిత ఆ పేరును ఒక వేరియబుల్‌లో పెట్టి, దాన్నే బ్రాకెట్లో రాసి, ఆబ్జెక్టును ఆ క్లాసుకు మార్చబోయింది. నడపకముందే కోడ్‌ను సరిచూసే కంపైలర్ ఒప్పుకోలేదు.

"బ్రాకెట్ల రాసే క్లాసు పేరు ముందే తెలిసి ఉండాలె," అంది నర్మద, గుసగుసగా. పిల్లలు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

"నడిచేటప్పుడే తెలిస్తే ఎట్ల మేడం?"

"ఆ పేరుతోని ముందు క్లాసును తెప్పించుకో. ఈ ఆబ్జెక్టు నీదేనా అని దాన్నే అడుగు. అవ్ అంటేనే మార్చమను. అడగకుండ మారిస్తే, దానిది కాకుంటే ప్రోగ్రాం ఆడనే ఆగిపోతది."

దగ్గు వచ్చింది. నీళ్లు తాగి మళ్లీ అందుకుంది. "గట్ల మార్చినా, అది బస్సని కంపైలర్‌కు తెల్వదు. గందుకే బండ్లన్నీ చేసే పనిని, అన్నిటికి పైనుండే వాహనం క్లాసులనే రాయి. మార్చే అవసరమే మస్తు తగ్గుతది."

హర్షిత మార్చి నడిపింది. "అయింది మేడం!" అని అరిచింది. నర్మద ఇంకేదో చెప్పబోయింది గానీ మాట బయటికి రాలేదు.

ఆపరేషన్ అయ్యాక కాలేజీవాళ్లు ఆమెను క్లాసుల నుంచి తప్పించి, ల్యాబు చూసుకోమన్నారు. ఊపిరి కోసం గొంతు దగ్గర పెట్టిన రంధ్రం కనపడకుండా మెడకు రుమాలు చుట్టుకుని వెళ్లేది. పిల్లలు అడిగితే జవాబు కంప్యూటర్లో కొట్టి చూపించేది. మొదట్లో ఓపిగ్గా నిలబడి చదివేవారు. రాను రాను కొత్త సారును అడగసాగారు. వాళ్లను తప్పు పట్టలేం, గంట కొట్టేలోపు పని కావాలి కదా. ఎండాకాలం సెలవుల తర్వాత నర్మద మళ్లీ వెళ్లలేదు.

సతీశ్ మాత్రం రోజూ సాయంత్రం ఆదిభట్లలో బస్సు నిలిపి ఫోన్ చేస్తాడు.

"తిన్నవా?"

నర్మద ఫోన్ మీద గోటితో ఒకసారి కొడుతుంది, అవ్ అని.

"అత్త వచ్చిందా?"

మళ్లీ కొడుతుంది. ఆపైన అతనికి అడగడానికి ఏమీ ఉండదు. అయినా బస్సులో సీట్లు నిండేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుంటాడు.