రిజిస్టర్‌లో జ్వరం, నా నోట్‌బుక్‌లో హీట్ స్ట్రోక్

2012 జూన్. రాజస్థాన్ ఎడారిలో ఒక సైనిక శిబిరం. అక్కడి ఎం.ఐ. రూమ్‌కు, అంటే జబ్బుపడిన జవానును మొదట చూసే గదికి, నర్సింగ్ అసిస్టెంట్‌గా నేను బాధ్యుడిని. డాక్టరు వారానికి రెండుసార్లే వచ్చేవారు. మిగిలిన రోజుల్లో రోగిని చూడడం, సిక్ రిపోర్ట్ రిజిస్టర్‌లో రాయడం, పెద్ద ఆసుపత్రికి పంపాలని సిఫారసు చేయడం నా పని. నాది గిద్దలూరు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ప్రభుత్వ రిజిస్టర్‌తోపాటు సొంత నోట్‌బుక్ కూడా రాసేవాణ్ణి. ఆ అలవాటునే చాలాకాలం నిజాయితీ అనుకున్నాను.

ఎడారి అనగానే అందరూ పాముల గురించి అడుగుతారు. మేము ఎక్కువగా చూసినవి ఇసుకకు వాచిన కళ్లు, చెమటకు ఒరుసుకుపోయిన తొడలు, మూత్రంలో రాళ్లు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది హీట్ స్ట్రోక్. శరీరం తన వేడిని తాను దించుకోలేక మనిషికి తెలివి తప్పుతుంది. కండరాలు చితికి, ఆ మలినం మూత్రపిండాలకు చేరుతుంది. మూత్రం నల్లటి టీ రంగుకు మారితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

జవాను ఓబులేసు మా జిల్లావాడే, వెలిగండ్ల వైపు మెట్టరైతు కొడుకు. నలుగురిలో నన్ను సాబ్ అనేవాడు, ఎవరూ లేనప్పుడు మామా అనేవాడు. బరువు మోస్తూ నడిచే రూట్ మార్చ్‌కు ముందురోజు నీళ్లు బాగా తాగమని చెబితే నవ్వాడు.

“ఎండ సంగతి నాకు చెప్తావా మామా? మా చేలల్లో ఇంతకన్నా మండుద్ది. ఆ కొండల నుంచి వచ్చిన పిల్లకాయలకు చెప్పుకో పో.”

మర్నాడు మధ్యాహ్నానికి అతన్ని ఇద్దరు మోసుకొచ్చారు. నా ముఖంలోకి చూసి, తన తండ్రిననుకుని, “నాయనా, ఎద్దుల్ని ఇడిసినావా?” అన్నాడు. లోపలి ఉష్ణోగ్రత నూట ఆరు. మూత్రం టీ రంగు. నడుముకు కట్టిన సీసాలో నీళ్లు మెడ దాకా ఉన్నాయి. ట్యాంకరు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియని ఇళ్లలో పెరిగిన చేయి అది. నీళ్లు దొరికితే ముందు దాస్తుంది.

తడి దుప్పట్లు, ఐస్, సెలైన్‌తో వేడి దిగింది. రిజిస్టర్ తెరిచేసరికి ఒక సీనియర్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు.

“హీట్ స్ట్రోక్ అని రాస్తే, ఆ ఎండలో ఎవరు నడిపించారని విచారణ వస్తుంది. కుర్రాడు తేరుకున్నాడుగా. జ్వరం అని రాయి.”

“మూత్రం రంగు బాగాలేదు సాబ్. ఆసుపత్రికి పంపాలి.”

“జ్వరానికి ఆసుపత్రి ఎందుకు?”

జ్వరం అనే రాశాను. రెండు రోజుల విశ్రాంతి అని రాశాను. తర్వాత వచ్చిన డాక్టరు ఆ రెండు మాటలూ చదివి ముందుకు సాగారు. రక్తపరీక్ష జరగలేదు. నేను నా నోట్‌బుక్‌లో మాత్రం ఉష్ణోగ్రత, మూత్రం రంగు, నిండు సీసా, ఎవరి మాటపై రిజిస్టర్‌లో జ్వరం అని రాశానో, అన్నీ వివరంగా నమోదు చేశాను. మనసు తేలికపడింది. ఆ తేలికను తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

ఏడేళ్ల తర్వాత ఓబులేసు మూత్రపిండాలు చెడిపోయాయి. సర్వీసు నుంచి ఇంటికి పంపుతూ వైద్య బోర్డు ఇచ్చిన తీర్పు ఇది: జబ్బు సర్వీసు వల్ల రాలేదు, స్వస్థలంలోని ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చి ఉండవచ్చు. మా నీళ్లు బాగుచేసేందుకు ఎవరికీ గుర్తురాని ఫ్లోరైడ్, ఒక సైనికుడి జబ్బును తోసిపుచ్చడానికి వెంటనే గుర్తొచ్చింది.

అప్పటికి నేను రిటైరై ఊళ్లో ఉన్నాను. మార్కాపురంలో డయాలసిస్ మంచం మీద నుంచి ఓబులేసు అడిగాడు. “నీళ్ల జబ్బోడని పంపించినారు మామా. పని చేసి తెచ్చుకున్న జబ్బని ఒక్క మాట రాయించు. నాకింకేం వద్దు.”

అప్పీలు విచారణకు నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. అధికారి దాన్ని ఓపికగా చదివారు. తర్వాత రిజిస్టర్ నకలు నా ముందుకు జరిపారు.

“ఈ చేతిరాత మీదేనా?”

“నాదే.”

“రెండింటిలో ఏది అబద్ధం?”

“రిజిస్టర్.”

“ప్రభుత్వ రిజిస్టర్‌లో అబద్ధం రాసిన మనిషి సొంత పుస్తకాన్ని నేనెలా నమ్మాలి?”

అప్పీలు కొట్టేశారు.

బయట ఓబులేసు భార్య నన్ను నిలదీసింది. “ఆ పొద్దే ఆ పెద్ద పుస్తకంలో రాసుంటే పోయేది గదా చిన్నాయనా! ఇంట్లో దాచుకునేదానికి రాసినావా?”

“ఊకోయే,” అన్నాడు ఓబులేసు. ఇప్పుడతను రోజుకు తాగే నీళ్లు గ్లాసుతో కొలుచుకోవాలి. “నేను సీసా నిండా నీళ్లు దాస్తి, మామ పుస్తకం నిండా నిజం దాచినాడు. ఇద్దరం ఒక్క నేలోళ్లమే.”

జ్వరం అని రాయమన్న మనిషిని నేను క్షమించలేదు. కానీ కలం పట్టుకున్న చేయి నాది. నిజాన్ని అడిగిన రిజిస్టర్‌లో, అడిగిన రోజున రాయాలి. ఆ నోట్‌బుక్ నా బీరువాలోనే ఉంది. ఆ రోజు రాసిన పుటలో ఒక్క కొట్టివేత కూడా లేదు. అది ఓబులేసుకు ఒక్క పూట కూడా పనికిరాలేదు.