బానెట్టు మీద తుపాకీ, చేలో పిచ్చినక్క

ఈ వయసులో నేను రైలెక్కితే ఏ తీర్థానికో అనుకుంటారు. మొన్న విజయనగరం స్టేషనులో టిక్కెట్టు గుమాస్తా కూడా అలాగే అనుకుని, రామతీర్థానికైతే నెల్లిమర్లలో దిగి బస్సెక్కమని అడగకుండానే సలహా ఇచ్చాడు. నేను వెళుతున్నది మా మరిది చేతిలోంచి తుపాకీ లాక్కోవడానికని అతనికి చెప్పడమెందుకని, కోటబొమ్మాళికి మూడో తరగతి టిక్కెట్టు పుచ్చుకుని ఊరుకున్నాను. రెండు రూపాయల చిల్లర అయింది. అంత తక్కువ ఖర్చులో ఇంత బడలిక మరెక్కడా దొరకదు.

మరిది అంటే మా చెల్లెలు చిట్టి భర్త, సింహాచలం. కోటబొమ్మాళి స్టేషనుకు రెండు క్రోసుల దూరంలో వాళ్ల ఊరు. ఆ ఊరి చేలల్లో ఒక పిచ్చినక్క తిరుగుతోందనీ, రెండు కుక్కల్నీ ఒక గేదెదూడనీ కరిచిందనీ, దూడ చొంగ కార్చుకుంటూ చచ్చిపోయిందనీ చిట్టి మనిషి చేత కబురు చేసింది. చేలో వేరుశనగ తీతకొచ్చింది. నక్క భయానికి కూలివాళ్లు చేలోకి దిగడం లేదు. తన ఇంటాయన పాత వేటగాడు కనుక నేనే కాలుస్తానని కూర్చున్నాడు. చేతులు చూస్తే వణుకు, కాఫీ గ్లాసు సగం పంచె మీదే. పైగా ఈ గొడవల రోజుల్లో మా జిల్లాలో తుపాకీ కనబడితే పోలీసులు ఒకటికి రెండుసార్లు చూస్తున్నారు. ఆయన ఈ లోకంలో భయపడేది వదినగారికి ఒక్కదానికే కనుక నేను వెంటనే రావాలట. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేస్తే మిగిలిన ఆస్తి ఇదే. ఎవరిని భయపెట్టాలన్నా నాకే కబురు.

దసరా వెళ్లి, అమ్మవారి జాతర జనం ఊరు ఖాళీ చేశాక బయలుదేరాను. పొద్దున్న ఏడు దాటాక కదిలే పాసింజరు బండి అది. కదిలింది అనడమే గానీ ప్రతి స్టేషనులోనూ చుట్టరికం కలుపుకుంటూ పోతుంది. ఇంజను వైపు కిటికీ దగ్గర కూర్చోకండి. నేను కూర్చుని చీపురుపల్లి వచ్చేసరికి బొగ్గుల కొట్టు యజమానిలా తయారయ్యాను. ఆమదాలవలసలో బండి చాలాసేపు ఆగింది. ఇడ్లీలు అమ్మే అతన్ని ఎప్పటివని అడిగితే, "ఇప్పటివే అమ్మగోరు, పొగలొస్తన్నాది సూడండి" అన్నాడు. పొగ వస్తున్న మాట నిజమే. అది మా ఇంజనుది. అయినా ఆకలికి కొనుక్కుని తిన్నాను.

కోటబొమ్మాళిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. నడుము నాది కాదనిపించింది. స్టేషను బయట సింహాచలం జీపు వేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే వెనకసీటులో పొడుగ్గా ఉన్నదాని మీద దుప్పటి కప్పాడు.

"అదేమిటయ్యా?" అన్నాను.

"గొడుగు వదినా."

"ఎండకా, నక్కకా?"

ఆయన నా సంచీ అందుకున్నాడు. అందుకున్న చెయ్యి వణుకుతూనే ఉంది.

ఆ జీపు గురించి చెప్పాలి. పటాలం వాళ్లు అమ్మేస్తే వేలంలో కొన్నది. తలుపులు లేవు. ఆయుధపూజ నాటి పసుపూ కుంకుమా బానెట్టు మీద అట్టకట్టి ఉన్నాయి, బంతిపూల దండ ఎండి వేలాడుతోంది. ఇంజను ఒకసారి ఆగితే నలుగురు మనుషులు తోస్తేగాని మళ్లీ పలకదు. అందుకని డ్రైవరు అప్పన్న పొద్దున్న తోయించుకున్నాక రాత్రి దాకా దాన్ని ఆపడు. స్టేషను బయట గంటసేపు నిలబడ్డప్పుడు కూడా ఆపలేదట. పెట్రోలు ఊరికే వచ్చిందా అని అడిగాను.

"ఆపితే మరి లెగదమ్మగోరు. ముసలెద్దు లాటిది. కూకుంటే కూకున్నట్టే," అన్నాడు అప్పన్న. నా వైపు చూసి అన్నాడో, బండి వైపు చూసి అన్నాడో తెలియలేదు.

దారంతా ఎర్రమట్టి బండ్లబాట. రెండువైపులా వేరుశనగ చేలు, ఆకు పసుపు తిరిగి తీతకు సిద్ధంగా ఉన్నాయి. తూర్పున సముద్రం వైపు మబ్బు కడుతోంది. పక్వానికొచ్చిన కాయ మీద వాన పడితే నేలలోనే మొలకెత్తిపోతుంది. ఆ పంటను ఇక గొడ్లు కూడా సరిగ్గా తినవు. ఇదంతా నాకు తెలిసిందే అయినా, కుదుపుల మధ్య నేను మాత్రం మరిదికి చెప్పవలసిన నాలుగు మాటలూ వరసలో పెట్టుకుంటున్నాను. లైసెన్సు, కళ్లజోడు, చేతుల వణుకు, చిట్టి మెడలో పుస్తె. ఆ వరస పూర్తికాకుండానే బాటమీద జనం అడ్డొచ్చారు.

పది పన్నెండుమంది కూలివాళ్లు గంపలూ కొడవళ్లూ పట్టుకుని బాటమీదే గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు, గట్టు అంచున పైడమ్మ. సింహాచలం దగ్గర రెండెకరాలు కౌలుకు చేస్తోంది. మొగుడు నెల్లిమర్లలో జనపనార మిల్లులో పనికి పోతే వ్యవసాయం తనే చూసుకుంటుంది. చచ్చిన దూడ కూడా ఆమెదే.

"బావుగోరూ, నా సేలోనే ఉన్నాది. పొద్దుట్నించి తిరుగుతున్నాది," అంది. "ఒక్కలు కూడా దిగనంతన్నారు. ఆ మబ్బు సూడండి. రేపు వానొస్తే కాయంతా మొలకే. మరి నానేటి తినాల, కౌలేటి కట్టాల?"

చేను మధ్యలో నక్క కనబడుతూనే ఉంది. పట్టపగలు. మెడ ఒక పక్కకు ఒరిగిపోయి, ఒక్కచోటే గుండ్రంగా తిరుగుతూ, మొక్కల్ని ఊరికే కొరుకుతోంది. మూతి నిండా నురగ. మామూలు రోజుల్లో పొద్దున్నే నక్క ఎదురైతే అదృష్టమని మురిసిపోయే జనం, దానికేసి చూడటానికి కూడా భయపడుతున్నారు.

తుపాకీ ఇలా ఇయ్యి అనడానికే నేను వచ్చాను. పైడమ్మ ముఖం చూశాక ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. సింహాచలం ఈలోగా దుప్పటి తీసి చిన్న రైఫిలు బయటికి లాగాడు. జీపు ముందుకు వెళ్లి, ఎండిన దండ తీసి కళ్లకద్దుకుని పక్కన పెట్టి, బానెట్టు మీద మోచేతులు ఆనించి, గొట్టాన్ని ఆ రేకు మీదే మోపి గురి చూశాడు. చెయ్యి నిలవని మనిషికి ఆధారం కావాలి కదా. తెలివైన పనే అనుకున్నాను.

తుపాకీ పేలింది. నక్కకు నాలుగు బారలు ఎడంగా మట్టి లేచింది. ఆరోగ్యంగా ఉన్న నక్కయితే ఈపాటికి ఒరిస్సా చేరి ఉండేది. ఇది మాత్రం చప్పుడు వచ్చిన వైపు తిరిగి, తూలుకుంటూ మావైపు నడవడం మొదలుపెట్టింది. కూలివాళ్లు వెనక్కి పరుగెత్తారు. పైడమ్మ కదలలేదు.

సింహాచలం తన రెండు చేతులూ చూసుకున్నాడు. తరవాత తుపాకీ నావైపు చాపాడు.

"నువ్వొచ్చిన పని చేసెయ్యి వదినా," అన్నాడు.

ఏం చెయ్యాలో తోచక బానెట్టు మీద చెయ్యి వేశాను. మోచేతి దాకా జివ్వుమంది. అప్పుడు గుర్తొచ్చింది, గురి చూస్తున్నప్పుడు ఆ గొట్టం అదిరిన తీరు. మా మరిది చేతి వణుకు నాకు తెలుసు. అది నెమ్మదిగా, అలలా వస్తుంది. ఇది కుట్టుమిషను వణుకు. ఆధారమని ఆనుకున్నదే ఆయన కంటే ఎక్కువ వణుకుతోంది.

"అప్పన్నా, ఇంజను ఆపు," అన్నాను.

"ఆపితే లెగదమ్మగోరు. అది మీదికొచ్చిందంటే ఏటి గతి? తలుపులు కూడా లేవు."

"నడుస్తూ ఉంటే మాత్రం గుండు తగలదు. ఆపు."

అప్పన్న సింహాచలం వైపు చూశాడు. సింహాచలం నక్క వైపు చూస్తున్నాడు. పైడమ్మే అరిచింది. "ఆపీరా అన్నా, నీకు దండమెడతాను."

ఆపాడు. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం వస్తే భయమేసింది. నక్క ఊపిరి గరగరా వినబడుతోంది. నేను సంచీలోంచి శాలువ తీసి నాలుగు మడతలు వేసి బానెట్టు మీద పరిచాను. ఉద్యోగం విరమించిన రోజున బడివాళ్లు కప్పిన శాలువ అది. అప్పటి నుంచి ఒక్కసారైనా పనికొచ్చిన పాపాన పోలేదు. ఈసారి సింహాచలం గొట్టాన్ని రేకుమీద మోపలేదు. ఎడమచేతిని శాలువ మీద ఆనించి, ఆ అరచేతిలో తుపాకీ కర్రభాగాన్ని కూర్చోబెట్టాడు. తుపాకీని నాలుగంగుళాలు ముందుకు జరిపాడు.

"తుపాకీ మూతి బానెట్టు దాటి ఉండాలి వదినా. చూసే కన్ను పైన ఉంటుంది, గుండు కిందనుంచి పోతుంది. కంటికి నక్కే కనబడుతుంది, తగిలేది మన బండికి," అన్నాడు. మనిషి భయంలో కూడా పాఠం చెప్పాడంటే కాస్త కుదుటపడ్డట్టే. ఊపిరి వదిలి, ఆపి, మీట నొక్కాడు. నక్క ముందుకాళ్ల మీద కూలి పక్కకు ఒరిగింది. మళ్లీ లేవలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకుని జీపు మెట్టు మీద కూలబడ్డాను. అసలు ప్రమాదం అప్పుడు మొదలైంది. ఇందాక బాట దిగని కూలివాళ్లందరూ కొడవళ్లు పట్టుకుని చేలోకి పరుగు. అందరికంటే ముందు పైడమ్మ. వాళ్లకు కావలసింది నక్కకొమ్ము. నక్క తలలో, వెంట్రుకల కింద, రేగుపండంత కొమ్ము ఒకటి ఉంటుందనీ, దాన్ని గాదెలో పెడితే గింజ తరగదనీ మావైపు నమ్మకం. చూసినవాళ్లు ఎవరూ లేరు, చూసినవాళ్లను ఎరిగినవాళ్లు అందరూ.

మోకాళ్లు తిట్టుకుంటూ నేనూ చేలోకి దిగాను. ఆ నురగలో విషం ఉందన్నాను. చేతి మీద గీత ఉన్నా చాలు, దూడకొచ్చిన చావే మనిషికి వస్తుందన్నాను. వచ్చాక మందు లేదన్నాను. ముందే మేలుకుంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నాను. గంట కొట్టాక పాఠం వినే పిల్లల్లా విన్నారు. సింహాచలం కూడా వద్దని కేకలేశాడు గానీ, నక్కను కొట్టిన మగాడి మాటను మెచ్చుకుంటారు తప్ప వినరు.

"అలగే అమ్మగోరు, సెయ్యి కడిగేసుకుంతాను. దూడెలాగా పోయినాది. కొమ్మైనా రానీండి," అంటూ పైడమ్మ వంగింది. రోజూ ముళ్లూ మట్టీ పట్టిన ఆ చేతినిండా గీతలే.

"ఒసే పైడీ, పిచ్చెక్కిన నక్క కొమ్ముకి పిచ్చి ఉండదటే? పట్టుకెళ్లి గాదెలో పెట్టుకో. తెల్లారేసరికి గాదెడు గింజా మొలకెత్తి కూచుంటుంది," అన్నాను.

చెయ్యి ఆగిపోయింది. "నిజమేనా అమ్మగోరు?"

"పంతులమ్మని. అబద్ధం చెబుతానా?"

పైడమ్మ లేచి రెండడుగులు వెనక్కి వేసి చేతులు చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది. పంతులమ్మగోరు సెప్పినారట అన్న మాట గుంపులో చివరిదాకా పాకింది. ఒక్కడు కూడా ముందుకు రాలేదు. పొడుగాటి వెదురుకర్రలతో నక్కను గట్టు పక్కకు తోయించి, తాటాకులు కప్పించి, అప్పన్న చేత జీపులోంచి పెట్రోలు లాగించి అక్కడే కాల్పించాను. నురగ పడ్డ మడి వదిలేసి మిగతా చేనంతా చీకటిపడేలోగా తీసేశారు. తోసేవాళ్లందరూ చేలో ఉండటంతో మా ముసలెద్దు బాటమీదే కూర్చుండిపోయింది. మేము ఇంటికి నడిచాం. సింహాచలం ఒక భుజాన తుపాకీ, మరో భుజాన నా సంచీ మోశాడు. మమ్మల్ని వాకిట్లో చూసి చిట్టి నన్నడిగింది ఒక్కటే, నిన్ను పిలిచింది ఎందుకని. స్నానానికి నీళ్లు పెట్టమన్నాను. తెల్లవారుజామున వాన మొదలైంది. అప్పటికి పైడమ్మ పంట ఆమె సావిట్లో ఉంది.

అలసట పడుకుంటే పోతుందంటారు. రెండురోజులు పడుకున్నా నాది పోలేదు. ముప్పై ఏళ్లు ఆరోగ్యశాస్త్రం చెప్పాను. బొమ్మలు గీసి చెప్పాను, బెత్తం పట్టుకుని చెప్పాను. అంత శాస్త్రానికీ ఆగని చెయ్యి, అప్పటికప్పుడు కల్పించిన ఒక అబద్ధానికి ఆగిపోయింది. మనిషి బతికింది కదా అని సంతోషించాలి, సంతోషించాను కూడా. మర్నాడు వాన తెరిపిచ్చాక పైడమ్మ గంపెడు పచ్చికాయ తెచ్చి వాకిట్లో పెట్టి, నా కాళ్ల దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మగోరూ, మరి పిచ్చి లేని నక్క కొమ్మైతే పర్లేదు కదా?" మళ్లీ మొదటి పాఠం నుంచి చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది. కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

ఈ వైపు ప్రయాణం పెట్టుకునేవారికి ఒక్క మాట. సంచీలో సబ్బుముక్క వేసుకోండి. కుక్కో నక్కో పన్ను తగిలిస్తే, ఊళ్లో ఎవరు ఏ ఆకుపసరు తెచ్చినా పొయ్యనివ్వకుండా, సబ్బుతో ధారగా నీళ్లు పోసి చాలాసేపు కడుక్కుని, దొరికిన మొదటి బండిలో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లండి. పద్నాలుగు సూదులూ నొప్పిగానే ఉంటాయి. నొప్పి తెలుస్తోందంటే ఇంకా బతికే ఉన్నామని అర్థం.